తొంభై ఒక్క కిలోల జలగండం

“ఆ లావుపాటాయన్ని అడుగుదామా సార్? అచ్చం మునిగిపోవడానికే పుట్టినట్టున్నాడు.”

వసంత్ కుంజ్‌లోని ఓ క్లబ్బు స్విమ్మింగ్ పూల్‌లో, మూడున్నర అడుగుల లోతున్న వైపు, కమ్మీ పట్టుకుని నిలబడ్డ సాకేత్ చెవిన పడ్డ మాట అది. ఢిల్లీలో ఎక్కడైనా హఠాత్తుగా తెలుగు వినబడితే అతనికి ప్రాణం లేచొచ్చేది. ఈసారి లేచిన ప్రాణం మళ్ళీ చతికిలబడింది.

తలెత్తి చూశాడు. గట్టు మీద నారింజ రంగు టీషర్టులో ఒక అమ్మాయి, మెడలో విజిల్, చేతిలో తాడు. పక్కన తెల్లమీసాల పెద్దాయన. ఇద్దరూ అతన్ని సంతలో గేదెను చూసినట్టు అటూ ఇటూ తిరిగి చూస్తున్నారు.

“బరువెంతుంటాడంటావు?” అన్నాడు పెద్దాయన.

“ఎనభై ఎనిమిది ఉంటాడు సార్. అడిగితే ఏమనుకుంటాడో, పాపం.”

“తొంభై ఒకటండి,” అన్నాడు సాకేత్. “మొన్ననే చూపించుకున్నాను. ఏమీ అనుకోను.”

ఆ అమ్మాయి మొహం టీషర్టు రంగులోకి తిరిగింది. ఏం చెయ్యాలో తోచక విజిల్ నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదేసింది. విజిల్ వినబడగానే ఉన్నవాళ్ళు ఉన్నట్టు నీళ్ళలోంచి బయటికి రావాలన్నది ఆ పూల్ రూలు. దాంతో పదకొండు మంది జనం ఏప్రిల్ పొద్దుటి చలిలో వణుక్కుంటూ గట్టెక్కి, ఏం ప్రమాదం జరిగిందా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సాకేత్ కూడా ఎక్కాడు. అతనికి మాత్రం ఏదో జరిగిందనే అనిపించింది.

ఇది 2008 నాటి మాట. సాకేత్‌ది తణుకు. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చుట్టూ కాలవలే ఉన్న ఊళ్ళో పుట్టి ఇరవై ఏడేళ్ళొచ్చినా ఈత రాని మహానుభావుడు. తప్పు అతనిది కాదు, పంచాంగానిది. పుట్టినప్పుడు జాతకం చూసిన సిద్ధాంతి గారు అబ్బాయికి జలగండం ఉందన్నారు. అప్పట్నుంచి నాయనమ్మ అతన్ని కాలవగట్టు ఛాయలకు పోనివ్వలేదు. ఊరి పిల్లలంతా చేపల్లా తిరిగితే ఇతగాడు అరుగు మీద కూర్చుని జంతికలు తిన్నాడు. అలా తినగా తినగా తేలిన లెక్కే ఆ తొంభై ఒకటి. డాక్టరు బరువు తగ్గమంటే, రూమ్మేట్ చైతు బలవంతాన పూల్‌లో చేర్పించాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

బట్టలు మార్చుకుని వచ్చేసరికి వాళ్ళిద్దరూ టీ పట్టుకుని ఎదురుచూస్తున్నారు. పెద్దాయన పేరు పద్మనాభం. విశాఖపట్నంలో నేవీ నుంచి రిటైరై ఇక్కడ కోచ్‌గా ఉంటున్నాడు. అమ్మాయి ఇంద్రాణి. పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే. లైఫ్‌గార్డ్ పరీక్షకి తయారవుతోంది.

సంగతేమిటంటే, ఆ పరీక్షలో ఈతలన్నీ ఇంద్రాణికి కొట్టిన పిండి. చివరి అంశం ఒక్కటే కొరకరాని కొయ్య అయి కూర్చుంది. పన్నెండడుగుల లోతున్న వైపు స్పృహ తప్పినట్టు పడున్న బరువైన మనిషిని గడ్డం పట్టి ఒడ్డుకు లాక్కొచ్చి, నిచ్చెన లేకుండా గట్టు మీదికి ఎత్తాలి. ఎనభై అయిదు కిలోలకు తక్కువైతే ఆ మనిషి పనికిరాడు. ఇప్పటికి రెండుసార్లు అక్కడే తప్పింది.

“మీరు మూడు వారాలు రోజూ పొద్దున్న వచ్చి మునగాలి. అంతే. ఇంకేం చెయ్యక్కర్లేదు,” అంది ఇంద్రాణి, కూరగాయలు తెచ్చిపెట్టమన్నంత మామూలుగా.

“నాకు ఈత రాదండి.”

“మరీ మంచిది. ఈతొచ్చినోళ్ళు మునిగినట్టు నటిస్తారు. నీకు ఆ కష్టం లేదు కదేటి బాబూ,” అన్నాడు పద్మనాభం. ఆ వెంటనే, వెల్లకిలా తేలడం నేర్పాకే లోతుకు తీసుకెళ్తాననీ, పొడుగు కర్ర పట్టుకుని తాను గట్టు మీదే ఉంటాననీ అభయమిచ్చాడు.

సాకేత్ ఒప్పుకున్నాడు. జలగండం ఉన్నవాడు రోజూ పొద్దున్నే లేచి, ఆటో కట్టించుకుని మరీ మునగడానికి వెళ్ళడానికి ఒప్పుకున్నాడంటే కారణం ఏమిటో చైతుకి చెప్పకుండానే తెలిసింది. ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని ఆర్కుట్‌లో ఇంద్రాణి పేరు వెతికారు. నలభై ఏడుగురు ఇంద్రాణులు దొరికారు గానీ ఒక్కరి మెడలోనూ విజిల్ లేదు.

తేలడం నాలుగు రోజుల్లోనే వచ్చేసింది. ఒళ్ళొదిలేస్తే చాలు, అతను పూరీలా పైకి తేలేవాడు. సిద్ధాంతి గారు పిల్లవాడి గండం చూశారు గానీ కొవ్వు చూడలేదు.

అసలు కష్టం ఒళ్ళు వదిలెయ్యడం దగ్గరే. ఇంద్రాణి వెనకనుంచి వచ్చి గడ్డం కింద చెయ్యి వేసేసరికి అతనికి మెడ, భుజం, గుండె అన్నీ బిగుసుకుపోయేవి. స్పృహ తప్పినవాడికి అంత గట్టిగా గుండె కొట్టుకోకూడదని ఆమె రెండుసార్లు హెచ్చరించింది. భయం వల్లండీ అన్నాడు. సగం నిజమే.

పరీక్షలో నోట్లో ఊపిరి ఊదే భాగం కూడా ఉందని తెలిసి సాకేత్ ఒక రాత్రి నిద్రపోలేదు. తెల్లారి చూస్తే దానికి వేరే మనిషి ఉన్నాడు. రబ్బరు బొమ్మ. తన పాత ఆఫీసరు మీద కోపంతో పద్మనాభం దానికి కనకయ్య అని పేరు పెట్టాడు. ఇంద్రాణి కనకయ్య ముక్కు మూసి, తల వెనక్కి వంచి, శ్రద్ధగా ఊపిరి పోస్తుంటే సాకేత్ తువ్వాలు కప్పుకుని పక్కన కూర్చుని చూసేవాడు. ఒక రబ్బరు బొమ్మను చూసి అసూయపడే రోజు వస్తుందని ఏ జాతకంలోనూ రాసి లేదు.

ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక, ఇంత పట్టుదల ఎందుకని అడిగాడు. ఆమె ఎదురుగా ఉన్న ఎత్తు కుర్చీని చూపించింది. లైఫ్‌గార్డ్ కూర్చునే కుర్చీ.

“పన్నెండేళ్ళప్పుడు ఇదే పూల్‌లో మునిగాను. చుట్టూ నలభై మంది. ఒక్కళ్ళకీ తెలీలేదు. మునిగేవాళ్ళు చేతులూపి అరుస్తారనుకుంటారు అందరూ. నోట్లో నీళ్ళుంటే ఎలా అరుస్తారు? చప్పుడే ఉండదు. సార్ ఒక్కరే చూశారు, ఆ కుర్చీలోంచి.” చేతిలోని తాడు చుట్ట చుడుతూ, “నాకు అక్కడ కూర్చోవాలనుంది. అంతే,” అంది.

అయితే ఇంటి దగ్గర ఒక చిక్కుంది. ఆమె నాన్న కేశవరావు గారు కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. ఏ విషయమైనా ఫైలు మీద పెడితే తప్ప ఆయనకు నిద్రపట్టదు. మూడోసారి పరీక్ష తప్పితే ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌లో చేరాలి, పాసైతే నాన్న ఇక సివిల్స్ ఊసెత్తకూడదు అని కాగితం మీద రాయించి, తండ్రీ కూతుళ్ళు సంతకాలు కూడా చేశారు. సాక్షి సంతకం వాళ్ళమ్మ సుభాషిణి గారిది.

పది రోజులు గడిచాయి. గట్టుదాకా లాక్కురావడం వచ్చింది, పైకెత్తడం రాలేదు. మునిగినవాడి చేతులు గట్టు మీద ఆనించి, తాను పైకెక్కి, మణికట్లు పట్టుకుని, ఒకటి, రెండు అంటూ నీళ్ళలో ముంచి, మూడు అనగానే ఎత్తాలి. మూడు అనేసరికి సాకేత్ నడుందాకా లేచి, మళ్ళీ బుడుంగున జారిపోయేవాడు. ఆ రోజు పదోసారి జారినప్పుడు ఇంద్రాణి గట్టు మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుంది. భుజాలు కదలడం సాకేత్ నీళ్ళలోంచి చూశాడు.

ఆ మర్నాడే చేశాడు ఆ పని. ఆ పూల్ గోడకి నాలుగడుగుల లోతున, అలిసినవాళ్ళు కాలు ఆనించుకోవడానికి అరచెయ్యంత మెట్టుంది. మూడు అనగానే సాకేత్ బొటనవేళ్ళు దానిమీద ఆనించి చిన్న తోపు తోశాడు. ఎంతో కాదు, ప్రేమ కొద్దీ.

అంతే, తొంభై ఒక్క కిలోలూ గట్టు మీదున్నాయి.

ఇంద్రాణి నమ్మలేక తన చేతుల్ని తానే చూసుకుంది. ఆ తర్వాత పూల్ చుట్టూ పరిగెత్తింది. పూల్ చుట్టూ పరిగెత్తకూడదన్న బోర్డు రాసిందీ ఆమే. కిటుకు పట్టేశానని ఇంట్లో చెప్పింది, నాన్నతో పందెం కాసింది. రోజూ ఎత్తింది. రోజూ సాకేత్ బొటనవేళ్ళు ఆనించాడు. అది చాలదన్నట్టు, ఆమెకు బరువు తగ్గిద్దామని రాత్రి భోజనం మానేసి కీరా ముక్కలు తినడం మొదలుపెట్టాడు. నిజం చెబితే ఆ నవ్వు పోతుంది, చెప్పకపోతే పరీక్ష ఏమవుతుందో తెలియదు. మింగలేక కక్కలేక రోజులు లాగాడు.

పరీక్ష ఆదివారం. ముందటి గురువారం సాకేత్‌కి ఆఫీసులో పొద్దున్నే మీటింగు పడింది. తనకు బదులుగా చైతుని పంపాడు. చైతు బరువు అరవై రెండు కిలోలు, అదీ బూట్లతో.

మీటింగు మధ్యలో చైతు నుంచి మెసేజ్ వచ్చింది. ‘నన్ను ఎత్తలేకపోయింది. ఆరుసార్లు. నీ గురించి అడుగుతోంది. రాకు.’

సాయంత్రం వెళ్ళాడు. ఇంద్రాణి ఎత్తు కుర్చీ కింద నిలబడి ఉంది.

“తొంభై ఒకటి ఎత్తినదాన్ని అరవై రెండు ఎందుకు ఎత్తలేకపోయాను?”

సాకేత్ చూపు నీళ్ళలోని మెట్టు వైపు పోయింది.

“మెట్టు మీద కాలు పెట్టావా?”

“పెట్టానండి. మీరు ఆరోజు ఏడుస్తుంటే చూడలేక…”

“ఎన్ని రోజుల్నుంచి?”

“మొదట్నుంచీ. మీరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనే ఎక్కాను.”

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

“చూడు సాకేత్. రేపు నిజంగా ఒకడు మునుగుతాడు. వాడికి నా మీద ప్రేమ ఉండదు. వాడు మెట్టు మీద కాలు పెట్టడు. అప్పుడు నేనేం చెయ్యాలి?”

తను ప్రేమ అన్న మాట ఎక్కడా అనలేదే, ఈమెకెలా తెలిసిందని అతను ఆశ్చర్యపోయేలోపే ఆమె వెళ్ళిపోయింది. రూముకి పోతుంటే ఒక్కటే గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ మీరు అన్న మనిషి ఇవాళ నువ్వు అంది. తిట్టడానికైనా సరే. ఆ ఒక్క ముక్క పట్టుకుని సంతోషించబోయి, తన మీద తనకే రోత పుట్టి మానేశాడు.

మర్నాడు తెల్లారకుండానే పద్మనాభం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన అంతా విని మీసం దువ్వుకున్నాడు.

“ఆ అమ్మాయికి బరువే కావాలి బాబూ, సాయం కాదు. నువ్వేటీ చెయ్యకపోవడమే నువ్వు చేసే సాయం. చెయ్యగలవా?”

శుక్రవారం, శనివారం ఇంద్రాణి అతనితో ‘ఒకటి, రెండు, మూడు’ తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. సాకేత్ నీళ్ళలో గోనెసంచిలా పడున్నాడు. ముక్కులోకి నీళ్ళు పోయాయి, మణికట్లు ఎర్రబడ్డాయి, వీపు గట్టుకి గీసుకుంది. అయినా ఒళ్ళొదిలేశాడు. ఒళ్ళొదిలెయ్యడం అంటే ఎదుటి మనిషిని నమ్మడమని అప్పుడు అర్థమైంది అతనికి. ఇన్నాళ్ళూ నమ్మలేదు, జాలిపడ్డాడు. రెండింటికీ చాలా దూరం.

ఆమె కూడా బలంతో లాగడం మానేసింది. నీళ్ళలోకి లోతుగా ముంచి, నీళ్ళే మనిషిని పైకి తోసే క్షణం కోసం కనిపెట్టడం నేర్చుకుంది. శనివారం సాయంత్రానికి మూడుసార్లకి ఒకసారి నిజంగానే ఎత్తగలిగింది. ఎత్తాక కూడా మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున్న పరీక్ష చెయ్యడానికి రోహ్‌తక్ నుంచి దహియా సాబ్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. గట్టు మీద కుర్చీల్లో కేశవరావు గారు కాగితంతో, సుభాషిణి గారు పెద్ద డబ్బా పులిహోరతో కూర్చున్నారు. నీళ్ళలో అవతలి వైపు ఎప్పుడూ వచ్చే ఆంటీలూ అంకుళ్ళూ ఉన్నారు. దహియా రూళ్ళు చదివాడు. మునిగినవాడు కదిలినా, నవ్వినా, ఏ రకంగా సాయం చేసినా ఫెయిల్. ఆపైన సాకేత్‌ని తూకం మిషను ఎక్కించాడు.

ముల్లు ఎనభై నాలుగు దగ్గర ఆగింది.

రోజూ వేసిన మునకలూ, కీరా ముక్కలూ పనిచేశాయి. ఇంద్రాణి రెండు రోజుల తర్వాత మొదటిసారి అతనివైపు సూటిగా చూసింది. ఆ చూపుకి మామూలు మనిషైతే ఇంకో కిలో తగ్గేవాడు.

“అరగంట టైమ్ ఇస్తా. బరువైనా పెరగాలి, మనిషైనా మారాలి,” అన్నాడు దహియా హిందీలో.

సుభాషిణి గారు మారుమాట్లాడకుండా డబ్బా మూత తీశారు. పన్నెండు మందికని చేసిన పులిహోర. సాకేత్ పది రోజుల ఆకలితో మొదలుపెట్టాడు. మధ్యలో చైతు పరిగెత్తుకెళ్ళి రెండు లస్సీలు తెచ్చాడు. తిని నీళ్ళలో దిగడం ఈతగాళ్ళకి పనికిరాదని పద్మనాభం గొణిగాడు. ఇతను ఈదడు కదా సార్, ఊరికే మునుగుతాడు కదా అని చైతు సర్దిచెప్పాడు. ఆవడలు లేవా ఆంటీ అని కూడా వాడే అడిగాడు. అరగంట తర్వాత ముల్లు ఎనభై అయిదు దాటి వెంట్రుకవాసి అవతల నిలబడింది. సాకేత్ తుమ్మకుండా జాగ్రత్తగా దిగాడు.

దహియా చెయ్యూపాడు. ఇంద్రాణి దూకింది.

గడ్డం కింద చెయ్యి పడింది. సాకేత్ కళ్ళు మూసుకుని ఒళ్ళొదిలేశాడు. గట్టు వచ్చింది. చేతులు ఆనించింది, పైకెక్కింది, మణికట్లు పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. నడుందాకా లేచాడు. జారాడు.

ఇంకొక్కసారే అవకాశం అన్నాడు దహియా.

జారిన ఊపులో సాకేత్ కాలి బొటనవేళ్ళు సరిగ్గా ఆ మెట్టు మీదే వచ్చి ఆగాయి. తను పెట్టలేదు, అవే వచ్చాయి. పైన ఇంద్రాణి ఆయాసపడుతోంది, ఆమె పట్టు సడలడం అతని మణికట్లకి తెలుస్తోంది. చిన్న తోపు చాలు. దహియాకి కనబడదు. ఆమె పాసవుతుంది, రాజిందర్ నగర్ గోల తప్పుతుంది, ఆ కుర్చీ ఆమెదవుతుంది. రేపు నిజంగా ఒకడు మునుగుతాడు.

సాకేత్ కాళ్ళు మెట్టు మీదనుంచి తీసేశాడు.

ఉన్న బరువంతా, పులిహోరతో సహా, ఆమె చేతుల మీద పడింది. ఆమె వేళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఒకటి. తల నీళ్ళలో మునిగింది. రెండు. ఇంకా లోతుకి పోయాడు. చెవుల్లో హోరు. ఈసారి ఆమె తొందరపడలేదు. నీళ్ళు అతన్ని పైకి తోసేదాకా ఆగి, అప్పుడు అంది మూడు.

గచ్చు మీద వెల్లకిలా పడ్డాడు. పైన ఆకాశం ఉండే ఉంటుంది, కళ్ళు తెరవకూడదు.

పరీక్ష ఇంకా అయిపోలేదు. భుజాలు తట్టి, వినబడుతోందా అని రెండుసార్లు గట్టిగా అడిగింది. బదులివ్వలేదు. ఆపైన రూలు ప్రకారం ఊపిరి ఉందో లేదో చూడాలి. మొహం దగ్గర చెవి పెట్టి పది సెకన్లు వినాలి. ఇంద్రాణి వంగింది. తడి జుట్టు అతని చెంప మీద పడింది.

“కాలు మెట్టు మీద ఆనింది. తీసేశావు. నాకు తెలిసింది,” అంది చాలా మెల్లగా.

మూడు సెకన్లు అయ్యాయి.

“నాకు నువ్వంటే ఇష్టం. గురువారం తిట్టినప్పుడు కూడా ఇష్టమే. కదలకు. నవ్వావో, నేను ఫెయిల్.”

తణుకు సాకేత్ తన ఇరవై ఏడేళ్ళ జీవితంలో అంత కష్టపడింది లేదు. మిగిలిన ఏడు సెకన్లూ పళ్ళ బిగువున శవంలా పడుకున్నాడు. ఎడమ చెంప మాత్రం ఒక్కసారి అదిరింది. దహియా అనుమానంగా చూసి, ఇదేమిటన్నాడు. ఊపిరి ఉందనడానికి గుర్తు సార్ అంది ఇంద్రాణి వెంటనే. ఆయన కాసేపు ఆలోచించి, కాగితం మీద టిక్కు పెట్టి, “పాస్. ఉఠ్ జా భాయి,” అన్నాడు.

కేశవరావు గారు తన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నారు. కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టి, ఇంకా తుడుస్తూనే ఉన్నారు. పద్మనాభం కనకయ్య భుజం తట్టాడు. సాకేత్ మాత్రం లేవలేదు.

“ఆ అబ్బాయికి నిజంగానే ఏదో అయినట్టుంది. అసలెవరతను?” అన్నారు కేశవరావు గారు కంగారుగా.

“ఎవరైతేనేం, డబ్బాడు పులిహోరా ఖాళీ చేశాడండీ,” అన్నారు సుభాషిణి గారు. ఆ గొంతులో పెళ్ళిచూపులు సగం అయిపోయిన తృప్తి ఉంది.

ఇంద్రాణి గబగబా వచ్చి మళ్ళీ పక్కన కూర్చుంది.

“ఏమైంది? లే. అయిపోయింది కదా.”

సాకేత్ కళ్ళు తెరవకుండానే, కేశవరావు గారికి కూడా వినబడేంత స్పష్టంగా చెప్పాడు.

“చెవిలో నీళ్ళున్నాయండి. ఇందాక మీరన్నది సరిగ్గా వినబడలేదు. ఇంకొక్కసారి చెబుతారా?”

ఇంద్రాణి మొహం టీషర్టు రంగులోకి తిరిగింది. నాన్న వైపు చూసింది, అమ్మ వైపు చూసింది, ఏం చెయ్యాలో తోచక విజిల్ నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదేసింది.

నీళ్ళలో ఉన్న ఆంటీలూ అంకుళ్ళూ అందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టు గట్టెక్కి, వణుక్కుంటూ వరసగా నిలబడి, ఆమె ఏం చెబుతుందా అని ఎదురుచూశారు.